పద్దెనిమిది మేడం

మా అక్కకి ఆ పేరు పెట్టింది మా యజమానే, వెటకారంగా. సముద్రంలో డైవింగ్ నేర్పడం అక్క పని, పడవ నడపడం నా పని. కొత్తవాళ్ళు పద్దెనిమిది మీటర్లు దాటకూడదు, బాగా నేర్చినవాళ్ళకి ముప్పై, ఎంతటి మొనగాడికైనా నలభై. ఈ అంకెల దగ్గర అక్క పంతొమ్మిదేళ్ళుగా ఎవరి మాటా వినలేదు. "ఇంకో రెండు మీటర్లేగా మేడం" అని ఎవరైనా నసిగితే అందరి ముందూ దులిపేసేది. నాకూ రోజుకో విడత తిట్లు పడేవి. ఆమె నోరంటే నాకు హడల్.

దిగేవాళ్ళు పట్టుకునే తాడుకి పద్దెనిమిది మీటర్ల దగ్గర ఎర్రగుడ్డ కట్టేది. కొత్తవాళ్ళు చేతికున్న లోతు మీటరు చూస్తూ ఊపిరి సంగతి మరిచిపోతారని, "దాని జోలికి పోకండి, గుడ్డ దగ్గర ఆగండి చాలు" అని చెప్పేది. ఆమె తప్పంటూ ఉంటే అదొక్కటే. ఆ గుడ్డని ఎవరూ కదపరని నమ్మింది.

అందరూ చూడాలని వచ్చే మునిగిన ఓడ ఇరవయ్యారు మీటర్ల లోతున ఉంది. గుడ్డ దగ్గర్నుంచి సరిగా కనబడదు. వచ్చినవాళ్ళు పెదవి విరుస్తున్నారని యజమాని నన్ను పక్కకి పిలిచాడు.

"గుడ్డ కాస్త కిందికి కట్టమ్మా. మీ అక్కకి చెప్పకు, ఊరికే రాద్ధాంతం చేస్తుంది."

కట్టాను. మూడు విడతలు దిగి వచ్చి అక్క టీ తాగుతుంటే, తాడు పైకి లాగి, ఈ చేతులతోనే కట్టాను.

నాలుగో విడతలో ఒకావిడకి చెవి నొప్పెడితే అక్క ఆమెతో పైనే ఆగింది. మిగతా ముగ్గురూ బుద్ధిగా గుడ్డ దాకా దిగారు. అంత లోతులో వాళ్ళలో ఒక గుమాస్తాకి తల తిరిగింది. అక్క చూసి గబగబా కిందికి వెళ్ళేసరికి అతను బెదిరిపోయి, ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకుతున్నాడు. అలా వస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. అతన్ని పట్టుకుని, పొట్టలో గుద్ది ఊపిరి వదిలిస్తూ, ఆపలేక తానూ అదే వేగంతో పైకొచ్చింది. గుమాస్తా బతికాడు. అక్కది అప్పటికే మూడుసార్లు మునిగిన ఒళ్ళు. దిగిన ప్రతిసారీ రక్తంలో చేరిన గాలి, అంత వేగంగా పైకొచ్చేసరికి బుడగలు కట్టింది. ఎడమకాలు పడిపోయింది.

రెండోరోజు యజమాని ఆసుపత్రికి కాగితం పట్టుకొచ్చాడు. శిక్షకురాలు కొత్తవాళ్ళని గాలికి వదిలేసిందట! సాక్షిగా నేను సంతకం పెట్టాలట! పళ్ళు రాలగొడదామనిపించింది. సిగ్గులేని మనిషి. కానీ గుడ్డ కట్టింది వాడు కాదుగా, నేను. కాగితం లాక్కుని అక్క దగ్గరికి వెళ్ళి మొత్తం కక్కేశాను.

"ఎంత దించావ్?"

"ఎనిమిది మీటర్లు."

"అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!"

"తిడతావని..."

"తిట్టేదాన్నే! తిట్టి, మళ్ళీ పైకి కట్టేదాన్ని. అంతేగా!"

గోడవైపు తిరగబోయింది. కాలు సహకరించలేదు. సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది.

ఆ కాగితం వెనకే జరిగింది జరిగినట్టు రాశాను. నా పేరు ముందు, యజమాని పేరు తర్వాత. ప్రమాదం మీద విచారణకి వచ్చిన అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు.

"నువ్వే కట్టానని రాసిచ్చావేంటమ్మా? నీ పడవ లైసెన్సు పోతుంది."

"మా అక్క కాలు పోయిందండీ" అన్నాను.