ఐదో సీసా నీళ్లు

నేను చెరువు నీళ్లలో గింజ కలిపానని రాశారు. కలపలేదు.

దయ్యాలనూ భూతాలనూ నమ్మే మనిషిని కాను. బడికి పోలేదు, పొట్లం కట్టిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. కళ్లతో చూసిందే రాస్తున్నాను.

మా ఇబ్రహీంపట్నం చెరువు వాగుకు అడ్డంగా కట్ట వేస్తే ఏర్పడింది. ఏళ్ల తరబడి ఎండిపోయి, మళ్లీ నిండింది. ఆ నీళ్లలో కార్బన్ ఎక్కడి నుంచి చేరుతోందో చూస్తామని పట్నం నుంచి కాలేజీ మేడమ్, ఆమె దగ్గర చదివే అమ్మాయి వచ్చారు. కుళ్లిన ఆకు, నాచు, కాలనీల మురుగు, దేని గుర్తు దానికి ఉంటుందట. ఆ మాట నాకు నచ్చింది. తెప్ప నేనే నడిపాను.

ఆరు చోట్ల ఆరు సీసాలు. ఐదోది నింపబోతే తెప్ప ఊగి అమ్మాయి భయపడింది. నేనే ముంచి ఇచ్చాను. తూము, ఎదుటి గుట్ట ఒకే గీతలో కనబడే చోటు అది. అడుగున మా బావి ఉంది. చెరువు ఎండిన రోజుల్లో అక్కడ కూరగాయలు వేసుకుంటూ నేనూ నా భార్య సత్తెమ్మా తవ్వుకున్నది. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది?

ఆ బావి నీళ్లు ఎప్పుడూ బురదే. సత్తెమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. కాసేపటికి మన్నంతా అడుక్కి దిగేది. నేను పేపర్ పట్టుకుంటే, "నువ్వు పేపర్ సదువు, నేను నీళ్లు సదువుత. ఎవరిది అక్కరకొస్తదో సూద్దాం" అనేది. చెరువు నిండేనాటికి ఆమె లేదు.

ఒడ్డుకు వచ్చేసరికి మిగతా సీసాలన్నీ మట్టిరంగు. ఐదోది తేట. అడుగున పల్చగా మన్ను.

"ఏం మాయ చేసినవ్ తాతా?" అని అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత రిపోర్టు వచ్చింది. ఐదో సీసాలో చిల్లగింజ గుర్తు దొరికిందట. తెప్ప నడిపినవాడే కలిపి ఉంటాడని రాసి, ఆ సీసాను లెక్కలోంచి తీసేశారు. పుట్టినప్పటి నుంచి ఈ నీళ్లు తాగిన నన్ను అబద్ధాలకోరును చేశారు! హోటల్ దగ్గర కూర్చుంటే, "గింజల తాతా, జర ఆగు, చాయ్‌ల గూడ ఏమన్న కలిపినవా?" అని ఎగతాళి.

ఇంట్లో నల్లా ఉంది. చిల్లగింజ చూసి ఎన్నేళ్లయిందో.

మూడు ఉత్తరాలు రాశాను. కలపలేదు, ఆ మాట కొట్టేయండి, అంతే. బావి సంగతి వాటిలోనూ రాయలేదు.

రాసినా ఏం లాభం? చెరువు నిండకముందే ఆ బావి పూడిపోయింది. పైన నిలిచినవి అందరి నీళ్లు. ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు, ఇప్పటికీ. మేడమ్ పంపిన జవాబు ఇది:

"తాతగారూ, మీకు చెప్పకుండా వేరే తెప్పలో మళ్లీ వచ్చాం. అదే చోట మా చేతులతో ముంచి, అక్కడే మూత బిగించాం. ఆ సీసా కూడా తేటపడింది. అదే గింజ గుర్తు. చుట్టుపక్కల నీళ్లలో ఎక్కడా లేదు. మిమ్మల్ని అన్న మాట కొట్టేశాం; తప్పు మాదే. 'ఎక్కడి నుంచి' అనే గడి ఖాళీగా ఉంది. మీకు తెలిస్తే చెప్పండి, రాసుకుంటాం."