ట్రంకుపెట్టె వెనక మొలకలు

మా అమ్మ రొమ్ములో గడ్డతో పోయింది. ఆ సంగతి ఆఖరి స్నానం చేయించినప్పుడుగాని మాకు తెలియలేదు. బతికుండగా ఏమైందని అడిగితే "వేడి చేసిందిలే" అని పైట సర్దుకునేది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రోగాల పేర్లు తెలియవు గాని, దాచిన గడ్డ పెరుగుతుందని మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.

అందుకే పంతొమ్మిదివందల ఎనభైల్లో నాకూ గడ్డ కనబడ్డప్పుడు దాచలేదు. బాపట్లలో టీచరుగా చేస్తున్న మా అమ్మాయికి చెప్పాను. అది సెలవు పెట్టి నన్ను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఒక రొమ్ము తీసేసి, రోజూ మింగమని మాత్రలిచ్చారు. ప్రాణం మిగిలింది.

తెనాలి ఇంటికొచ్చాక రవికె ఒక పక్క బోసిగా వేలాడింది. మద్రాసులో రబ్బరువి దొరుకుతాయట, తెప్పిస్తానంది అమ్మాయి. ధర విని వద్దన్నాను. రవికెలో దాక్కునేదానికి అంత పోసే బుద్ధిలేనివాళ్లు ఉంటారా? పాత చీర చింపి చిన్న సంచి కుట్టాను. ముందు దూది కూరితే, నాలుగడుగులు వేసేసరికి మెడ దాకా ఎక్కి కూర్చునేది. బియ్యం పోస్తే పురుగు పట్టింది. ఆఖరికి మినుములు పోశాను. మావైపు వరి కోయకముందే చేలో మినుము చల్లుతారు కాబట్టి మినుముల డబ్బా లేని ఇల్లుండదు. బరువు సరిగ్గా కుదిరింది. ఆ సంచితోనే ఏళ్ల తరబడి చర్చికీ, పెళ్లిళ్లకీ, బజారుకీ తిరిగాను. ఒక్కరికీ అనుమానం రాలేదు.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం మా అమ్మాయి బాపట్ల నుంచి వచ్చింది. "అమ్మా, పిన్ని మా ఇంటికొచ్చి వెళ్లింది. కౌగిలించుకోబోతే చెయ్యి అడ్డం పెట్టేసింది. ఏంటని అడిగితే వేడి చేసిందట" అంది.

అదే మాట. రేపల్లెలో ఉండే మా చెల్లెలి నోట మా అమ్మ మాట. ఆ సాయంత్రమే రేపల్లె పాసింజరు ఎక్కాను. స్టేషన్లో దిగేసరికి వాన దంచుతోంది. రిక్షావాడు అడిగిన డబ్బులు నాకు నచ్చలేదు. నడిచి వెళ్లాను, నిలువునా తడిశాను.

ఇంటికి చేరగానే పొడిచీర కట్టుకుని, తడిసిన సంచిని చెల్లెలి ట్రంకుపెట్టె వెనక దోపి, దాని బదులు తువాలు మడిచి పెట్టుకున్నాను. తర్వాత అసలు సంగతి ఎత్తాను.

"గడ్డేగా? పద, గుంటూరు."

"నేను రానక్కా. వాళ్లు కోసేస్తారు."

"కోస్తే బతుకుతావు."

"బతికి ఏ మొహంతో బజారుకెళ్లేది? మా వీధి ఆడాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది."

"నేను తిరగట్లేదా?"

"నీకేం తల్లీ! నువ్వు పోలీసు జవానులా నడుస్తావు. నిన్ను తేరిపార చూసే ధైర్యం ఎవరికుంది?"

వాన తగ్గలేదు, అదీ తగ్గలేదు. తిట్టాను. బుజ్జగించడం నాకు చేతగాదు గాని అదీ చేసి చూశాను. అమ్మ పేరు ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఈ గొడవలో పడి సంచి సంగతే మరిచిపోయాను.

అలా ముసురులోనే రెండు మూడు రోజులు గడిచాయి. ఒక పొద్దున చెల్లెలు ఇల్లు ఊడుస్తూ కేక పెట్టింది.

"అక్కా, ఇటు రావే! పెట్టె వెనక ఏదో మొలిచింది!"

వెళ్లి చూస్తే చీపురు పుల్లల కొసన నా సంచి వేలాడుతోంది. నేత సందుల్లోంచి తెల్లటి మొలకలు గడ్డంలాగా బయటికొచ్చాయి.

"ఎవరో చేతబడి చేశారే! చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించాలి."

"నోర్ముయ్యి. ఇటివ్వు, అది నాది."

"నీదా? ఏంటది?"

"నా రొమ్ము."

చీపురు వదిలేసి నేలమీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "గారెలకి నానబోశావా అక్కా?" అని మళ్లీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది గాని, ఆపుకోలేక నేనూ నవ్వాను.

నవ్వు తగ్గాక నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇన్నేళ్లూ ఇదేనా? కొంచెమే కోశారేమో అనుకున్నానే."

"మొత్తం తీశారు. ఏ పక్కో చెప్పు చూద్దాం."

గదిలో అటూ ఇటూ నడిచాను. కళ్లు చికిలించి చూసింది.

"కుడి."

"ఎడమ."

"అబద్ధం!"

దాని చెయ్యి పట్టుకుని తువాలు మీద పెట్టాను. చాలాసేపు తియ్యలేదు. తర్వాత నా చెయ్యి తీసుకుని తన పైట కిందికి లాక్కుంది. ఉసిరికాయంత గడ్డ, రాయిలాగా తగిలింది.

"పక్కన కూర్చున్న నాకే తెలియలేదంటే, ఇక బజారువాళ్లకేం తెలుస్తుందే" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆ మర్నాడే బయల్దేరాం. వెళ్లేముందు ఆ మొలకల్ని బావి పక్కన చల్లాను. మొలిచిన గింజను పారేసే అలవాటు మా ఇంట లేదు.

గుంటూరు డాక్టరమ్మ చూసి, వేళకే తీసుకొచ్చారంది. ఆపరేషను బాగా జరిగింది. చెల్లెలు కోలుకుంటుండగా డాక్టరమ్మని అడిగాను: "మా అమ్మకి, నాకు, దీనికి. మా ఇంటినే ఎందుకు పట్టుకుంది? మా అమ్మాయికీ వస్తుందా?"

"తెలియదు మామ్మగారూ."

"ఇంత చదివి తెలియదంటే ఎట్లా?"

ఆవిడ నొచ్చుకోలేదు. "ఇలాంటి కుటుంబాలను ఏళ్ల తరబడి కనిపెట్టి చూడాలి. రక్తాలు తియ్యాలి, పరీక్షలు చెయ్యాలి. మేం మొదలుపెట్టాం గాని డబ్బు చాలక కుంటుతోంది. మీరు మింగే మాత్రలున్నాయే, ఎక్కడెక్కడివాళ్లో చందాలేసుకుని పరిశోధన చేయిస్తే వచ్చినవే అవి."

ఆ మాట నన్ను తిన్నగా కూర్చోనివ్వలేదు. నేను పిసినారినే, కాదనను. కానీ ఒకరి పెట్టుబడితో బతికి చేతులు దులుపుకుపోవడం పొదుపు కాదు.

మా తెనాలి చర్చిలో కోతపండగనాడు ఎవరి పంట వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక గుమ్మడికాయ దగ్గర్నుంచి కోడిపుంజు దాకా వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఇష్టమైతే ఆ వస్తువును తిరిగిచ్చేస్తారు, దాన్నే మళ్లీ వేలం వేస్తారు. ఆ ఏడు చెల్లెలు రేపల్లె నుంచి చిన్న గిన్నెడు మినుములు పట్టుకొచ్చింది. బావి పక్కన చల్లినవాటి పంట.

ఈ గిన్నెకొచ్చిన డబ్బు గుంటూరు పరిశోధనకి పంపాలని అయ్యగారిని అడిగాను. సరేనన్నారు గాని, అందరి ముందూ "ఆడవారి అనారోగ్యం నిమిత్తం" అని గొణిగారు.

నేను లేచి నిలబడ్డాను. "రొమ్ము క్యాన్సరు అయ్యగారూ. అది ఎందుకొస్తుందో కనిపెట్టే పనికి. మా అమ్మ ఆ మాట అనలేకే పోయింది."

మగవాళ్ల వైపు దగ్గులు. ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ వేలంపాట ఎత్తుకుంది. గెలిచి, గిన్నె తిరిగిచ్చేసింది. ఇంకొకావిడ పాడింది, ఆవిడా తిరిగిచ్చింది. అలా గిన్నె చర్చి అంతా తిరిగింది. ఆఖర్న నేను పాడాను. వేలంలో నా గొంతు ఎన్నడూ వినని జనం వెనక్కి తిరిగి చూశారు. మా అమ్మాయి అయితే నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గిన్నె నేను తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రం ఆ మినుములతో రెండు సంచులు కుడదామని కూర్చున్నాను, ఒకటి నాకు, ఒకటి చెల్లెలికి. ఈసారి మొలకెత్తకుండా ముందు మూకుడులో వేయిద్దామని పొయ్యి వెలిగించాను.

చెల్లెలు గబగబా వచ్చి గిన్నె లాక్కుంది. "వేయించకే! వచ్చే ఏడు వేలానికి ఏం తెస్తాం? నా సంచిలో పచ్చివే పొయ్యి. ముసురు పట్టగానే తడిసొస్తాను."