లా పాల్మా సినిమాహాలు ఉండిన చోటు నుంచి

ఎర్మిందా సబాయోస్ చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచదు. "మా బడి కప్పు కూలింది. అదృష్టం, అప్పుడు నేను దాని కింద లేను," అంటుంది.

భూకంపంలో మా దేశ రాజధాని మనాగువా నేలమట్టమైన ఏడాది ఆమెకు పదకొండేళ్లు. అప్పటిదాకా వాళ్లమ్మ లా పాల్మా సినిమాహాలు గేటు ముందు పినోలియో అమ్మేది. మొక్కజొన్నా కోకో గింజలూ వేయించి, విసిరి, చల్లటి నీళ్లలో కలిపి ఎండిన కాయ బుర్రల్లో పోసి ఇచ్చేది. సినిమాహాలు పోయింది. బడి పోయింది. ఊరి నడిబొడ్డుకు ముళ్లకంచె వేసి, లోపలికి ఎవరూ రావద్దన్నారు. తల్లీ కూతుళ్లు తిరగలిని కూడా మోసుకుని ఊరి చివరకు వెళ్లిపోయారు. కంచె తీసేశాక ఎర్మిందా మళ్లీ పాత చోటికే వచ్చి కుండ దించింది. అప్పటికి అక్కడ జనం లేరు, నడుమెత్తు గడ్డి ఉంది. గడ్డికి పినోలియో అమ్ముతావా అని చుట్టాలు నవ్వారు. ఆమె వాళ్ల మాట పట్టించుకోలేదు.

నేను ఆమె పక్కనే పచ్చి మామిడికాయలు తరిగి, ఉప్పూ కారం చల్లి అమ్ముతాను. ఆమె పాత కెథెడ్రల్ పక్కకు మారినప్పటి నుంచి, ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే గొడుగు నీడ. ఆమె నన్ను కొమాద్రే అంటుంది, అంటే నేస్తమనే. మా వీధి అమ్మకందార్ల సంఘానికి కాగితాలు రాసేది కూడా నేనే. అందుకే ఈ గొడవంతా మొదటి నుంచీ నాకు తెలుసు.

పరదేశీలను వెంటబెట్టుకుని తిప్పడం ఆమె కావాలని మొదలుపెట్టిన పని కాదు. ఒక రోజు చిలీ నుంచి వచ్చిన కుర్ర జంట ఒకటి ఫోన్లో మ్యాపు పెట్టుకుని మా ముందే మూడుసార్లు చక్కర్లు కొట్టింది. నాలుగోసారి ఎర్మిందా లేచింది. "కొమాద్రే, నా కుండ చూస్తూ ఉండు. ఈ పిల్లలు ఎండకు మాడిపోయేలా ఉన్నారు," అని వాళ్ల వెంట వెళ్లింది. మూడు గంటల తర్వాత వచ్చింది. ఆ అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. అబ్బాయి మాత్రం బుర్ర మీద బుర్ర పినోలియో తాగుతున్నాడు.

"ఏం చూపించావే అంతసేపు?" అని అడిగాను.

"లేనివన్నీ చూపించాను."

అదే ఆమె పద్ధతి. ఖాళీ స్థలం ముందు నిలబెట్టి, ఇక్కడ చెప్పుల కొట్టు ఉండేది, ఈ మూల రొట్టెల బట్టీ, ఆ మేడ మీద పియానో నేర్పే ముసలావిడ, అని చెప్పుకుంటూ పోతుంది. వింటున్నవాళ్ల ముక్కుకు ఆ రొట్టె వాసన తగులుతుంది. ఆ నోటా ఈ నోటా పేరు పాకింది. పొద్దున్నే ఆమె కోసం మెట్ల మీద మనుషులు ఎదురుచూసే రోజులు వచ్చాయి. మా అందరి బేరాలూ పెరిగాయి. ఆమెను చూసి మాలో మరో పదిమంది తమకు తెలిసిన వీధులు చూపించడం మొదలుపెట్టారు.

అప్పుడు టూరిజం ఆఫీసు నుంచి వచ్చింది రూలు. మెడలో గైడు బిళ్ల లేనివాళ్లు యాత్రికులను తిప్పకూడదట. హైస్కూలు సర్టిఫికెట్ లేనివాళ్లకు బిళ్ల ఇవ్వరట. ఊరు కూలినప్పుడు రాళ్లు ఎత్తినవాళ్లను, శవాలు మోసినవాళ్లను ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. ఇప్పుడు ఆ ఊరి గురించి నోరు విప్పడానికి కాగితం చూపించమంటున్నారు. నేను ఆఫీసుకు రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే. ఉత్తరం కింద రెండొందల పదహారు సంతకాలు, వాటిలో సగం వేలిముద్రలు. నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగితే, ఐదోసారి దిగొచ్చారు. సర్టిఫికెట్ లేనివాళ్ల తరఫున ఒక్కరు రావచ్చు, చదువుకున్న అభ్యర్థులతో పాటు నడక పరీక్షలో నిలబడవచ్చు, నెగ్గితే అప్పుడు ఆలోచిస్తాం అన్నారు.

ఎవరిని పంపాలన్న చర్చే రాలేదు.

"ఓడిపోతే?" అంది ఎర్మిందా. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి. "నాతో పాటు ఈ పదిమంది నోళ్లూ మూతపడతాయి కదే."

పరీక్ష చూడటానికి తేలికే. కెథెడ్రల్ మెట్ల దగ్గర ఒక చిరునామా కాగితం, ఒక యాత్రికుణ్ణి చేతికి అప్పగిస్తారు. దారిలో ఊరి గురించి చెబుతూ, గంటలోపల ఆ ఇంటికి చేర్చాలి. పరీక్షాధికారి అక్కడే కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. ఆయన పేరు విల్బెర్తో పికాదో. ముప్పై మూడేళ్లవాడు, డిగ్రీ ఉంది కాబట్టి అందరూ లిసెన్సియాదో అని పిలవాలి. ఆ రోజు అభ్యర్థులు ముగ్గురు. యూనివర్సిటీలో టూరిజం చదివిన యహోస్కా, నోర్విన్ అనే ఇద్దరు పిల్లలు, మూడోది మా ఎర్మిందా. ముగ్గురికీ చిరునామా ఒక్కటే, బయల్దేరే వేళలు వేరు. సంఘం తరఫున సాక్షిగా నేను ఎర్మిందా వెంట నడిచాను.

ఆమెకు అప్పగించిన యాత్రికురాలు ఉరుగ్వే నుంచి వచ్చిన రిటైరైన నర్సు, ఓతీలియా. ఆవిడ కాగితం తీసి పైకి చదివింది.

"లా పాల్మా సినిమాహాలు ఉండిన చోటు నుంచి రెండు బ్లాకులు సరస్సు వైపు, అర బ్లాకు పైకి. ఇదేం చిరునామా తల్లీ? వీధి పేరేది? ఇంటి నంబరేది?"

"మాకు అలాంటివి ఉండవమ్మా. ఉన్నా ఎవరూ వాడరు."

"పైకి అంటే కొండెక్కాలా?"

"పొద్దు పొడిచే వైపు. కిందికి అంటే పొద్దు గుంకే వైపు. పొద్దు తెలిస్తే చాలు, మనాగువాలో ఎవరూ తప్పిపోరు."

"ఆ సినిమాహాలు ఎక్కడుంది?"

"లేదు."

ఓతీలియా నా వైపు చూసింది. నేను మామిడికాయ ముక్క అందించాను.

దారంతా ఎర్మిందా మాట్లాడుతూనే ఉంది. ఒక పార్కింగ్ స్థలం మధ్యలో ఆగి, ఇక్కడ మంగలి దొన్ ఫుల్హెన్సియో గడ్డం సగం గీసి వీధిలో ఊరేగింపు చూడటానికి పరుగెత్తేవాడు అని చెబితే, ఉరుగ్వే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. చివరకు ఒక ఖాళీ జాగా దగ్గర ఎర్మిందా నిలబడి, కాలితో గడ్డి పక్కకు తోసింది. కింద ఎర్రా తెలుపూ గచ్చు పలకలు నాలుగు బయటపడ్డాయి. "ఇదే హాలు," అంది. అక్కడి నుంచి సరస్సు వైపు రెండు బ్లాకులు, పైకి అర బ్లాకు. నలభై నిమిషాల్లో ఒక నీలం తలుపు ముందు ఉన్నాం.

పికాదో లేడు. కుర్చీ లేదు, బల్ల లేదు. తలుపు తీసింది బనియన్లో ఉన్న ముసలాయన, దొన్ త్రాంకిలీనో.

"పరీక్షా? ఏ పరీక్ష? నాకు బీపీ తప్ప ఏ పరీక్షా లేదు."

పది నిమిషాలు, పదిహేను నిమిషాలు గడిచాయి. ఎర్మిందా ఎండిన పెదవులు నాలుకతో తడుపుకుంటోంది. నేను పికాదోకు ఫోన్ చేశాను.

"మీరెక్కడున్నారు లిసెన్సియాదో?"

"చెప్పిన చోటే ఉన్నాను. మిగతా ఇద్దరూ ఎప్పుడో వచ్చేశారు. మీ డోన్యా ఎర్మిందాకు ఇంకా ఐదు నిమిషాలు ఉంది. ఆ తర్వాత ఫెయిలు రాసేస్తాను."

"చెప్పిన చోట మేమున్నామండీ! మీరు లేరు!"

"అమ్మా, నేను మోటారుసైకిళ్ల షెడ్డు ముందు కూర్చున్నాను."

ఆ మాట వినగానే ఎర్మిందా ముఖంలో రంగు తిరిగి వచ్చింది. ఆమెకు అంతా అర్థమైంది. భూకంపం తర్వాత ఎవరో లా పాల్మా బోర్డును శిథిలాల్లోంచి లాగి, నాలుగు బ్లాకులు కిందికి మోసుకెళ్లి, తమ హార్డువేర్ కొట్టుకు తగిలించారు. తాటిచెట్టు బొమ్మతో ఆ బోర్డు ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది. ఆ తర్వాత పుట్టినవాళ్లంతా హాలు అక్కడే ఉండేదనుకుంటారు, అక్కడి నుంచే లెక్కపెడతారు. పికాదో కూడా అలాగే లెక్కపెట్టాడు.

"దొన్ త్రాంకిలీనో, చొక్కా వేసుకో," అంది ఎర్మిందా. "నీ గుర్తింపు కార్డు పట్టుకో. నాతో రా."

"ఎందుకు? నన్ను అరెస్టు చేస్తారా?"

"నిన్ను చూపిస్తే నాకు బిళ్ల ఇస్తారు. నడువు."

మేం నలుగురం షెడ్డు దగ్గరకు చేరేసరికి గంట దాటిపోయింది. పికాదో అప్పటికే కాగితాలు సర్దుతున్నాడు. యహోస్కా, నోర్విన్ తమ యాత్రికులతో నీడలో నిలబడి ఉన్నారు.

"ఆలస్యం, డోన్యా ఎర్మిందా. పైగా దారి తప్పారు. బాధగానే ఉంది, కానీ రూలు రూలే."

"నీ కాగితం పైకి చదువు నాయనా."

"లా పాల్మా సినిమాహాలు ఉండిన చోటు నుంచి..."

"చాలు. ఉండిన చోటు అని ఉందా? బోర్డు తగిలించిన చోటు అని ఉందా?"

"రెండూ ఒకటే కదా."

షెడ్డులో ఇంజిన్ విప్పుతున్న మెకానిక్ తల బయటపెట్టాడు. "ఒకటెలా అవుతుంది సారూ? మా షెడ్డు కరెంటు బిల్లు మీద 'లా పాల్మా హార్డువేర్ నుంచి' అని ఉంటుంది. సినిమాహాలు అని ఏనాడూ లేదు."

"ఇప్పుడు ఇది చూడు," అంటూ ఎర్మిందా ముసలాయన కార్డు బల్ల మీద పెట్టింది. గవర్నమెంటు ముద్ర ఉన్న కార్డు. వెనకవైపు చిరునామా ఉంది. పికాదో చేతిలోని కాగితం మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా కార్డు మీదా అదే ఉంది.

పికాదో కార్డును రెండుసార్లు చదివాడు. "పాత రికార్డుల్లోంచి తీసిన చిరునామా ఇది," అని గొణిగాడు. "ఇల్లు చూసి రావడానికి నేనే వచ్చాను. బోర్డు కనబడింది..."

"నీ తప్పేం లేదు నాయనా. నీకు ఎవరూ చూపించలేదు. చూపించేవాళ్ల నోరు మూయడానికే కదా ఈ పరీక్ష పెట్టారు!"

ఆయన రూలు పుస్తకం తిరగేశాడు. పరీక్షాధికారే తప్పు ఇంటి ముందు కూర్చుంటే ఏం చేయాలో అందులో రాసి లేదు. అప్పుడు యహోస్కా ముందుకు వచ్చింది. "సార్, మా ఇద్దరికీ ఫెయిలు రాయండి. సరైన ఇంటికి వెళ్లింది ఈవిడ ఒక్కతే."

నోర్విన్ ఉలిక్కిపడ్డాడు. "నన్నెందుకు కలుపుతావే?" అన్నాడు, కానీ చిరునామా వైపు మరోసారి చూసి, "సరే, కలుపు," అన్నాడు. ఉరుగ్వే నర్సు చప్పట్లు కొట్టింది. మెకానిక్‌లు పానాలతో రేకుల మీద దరువు వేశారు.

పికాదో పక్కకు వెళ్లి పై అధికారికి ఫోన్ చేశాడు. వచ్చేటప్పుడు బిళ్ల జేబులోంచి తీస్తూనే వచ్చాడు. ఎర్మిందా అందుకోలేదు.

"నా ఒక్కదానికేనా?"

"ఇప్పటికి మీ ఒక్కరికే..."

"అయితే ఇది నీ దగ్గరే ఉంచు. నేను రేపటి నుంచి ప్రతి బస్సు ముందూ నిలబడి, గవర్నమెంటు ఆఫీసరు తప్పిపోయిన షెడ్డు ఇదే అని చూపిస్తాను. బిళ్ల లేకుండా. చక్కటి కథ, నవ్వీ నవ్వీ చస్తారు."

పికాదో ముందు ముఖం చిట్లించాడు. తర్వాత ఆపుకోలేక తనే నవ్వేశాడు. మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి చాలాసేపు మాట్లాడాడు, మధ్యలో గొంతు కూడా పెంచాడు. తర్వాత బల్ల మీద కాగితం పరిచి, సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా నడక పరీక్ష నెగ్గినవాళ్లందరికీ బిళ్ల ఇవ్వాలని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఆ నెలలోనే మా పదిమందీ పరీక్షకు కూర్చున్నారు. తొమ్మిదిమంది నెగ్గారు. పదో ఆయన దారిలో చేపలు వేపుతున్న చోట ఆగిపోయాడు, పై నెలలో ఆయనా నెగ్గాడు.

ఆ రోజు షెడ్డు దగ్గరే ఎర్మిందా బిళ్ల మెడలో వేసుకుంది. మేం ఇంటిదారి పట్టబోతుంటే వెనక నుంచి పికాదో పిలిచాడు.

"డోన్యా ఎర్మిందా, ఆ హాలు ఉండిన చోటు... నాకూ చూపిస్తారా?"

"చూపిస్తాను. పుస్తకం, పెన్ను తెచ్చుకో. ఒక్కసారే చెబుతాను."

ఆమె ముందు నడిచింది. వెనకాల పికాదో, యహోస్కా, నోర్విన్, ముగ్గురు పరదేశీలు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ దొన్ త్రాంకిలీనో, చేతులు తుడుచుకుంటూ ఇద్దరు మెకానిక్‌లు. ఎండలో ఇంతమంది ఊరేగింపుగా పోతుంటే, మీరు ఏ పార్టీవాళ్లు అని ఒక టాక్సీ డ్రైవర్ అడిగాడు.

"ఈ ఊరివాళ్లం!" అని అరిచింది ఎర్మిందా.