వంకాయ రంగు చీర మీద చేయి

2022లో, సిద్దిపేటలో నా ఫోటో స్టూడియోకు పాతికేళ్లు నిండాయి. ఫోన్‌తో ఫోటోలు తీయడం, ఎడిటింగ్ నేర్పబడునని బోర్డు పెట్టింది ఆ ఏడాదే. పెళ్లిళ్లకు కెమెరా పట్టి బతికినవాడికి ఫోన్ ముందు తల వంచడం ఇష్టముండదు. కానీ పాస్‌పోర్టు ఫోటోకు కూడా జనం రాని రోజుల్లో ఎంతకాలమని పంతం పట్టి కూర్చుంటాం?

మొదట చేరింది మంజుల. బజారులో పెద్ద చీరల దుకాణం వాళ్ల కోడలు. ఆ దుకాణంలో కొత్త సరుకు దిగినప్పుడల్లా ఫోటోలు తీసేది నేనే. స్టూడియో నిలబడిందే ఆ పని మీద. ఆమె మామ స్వయంగా వెంటబెట్టుకొచ్చి, "మా కోడలికి జర నేర్పుండ్రి. మీరు దొరకనప్పుడు అక్కరకొస్తది" అన్నాడు. నమ్మాను.

వెలుతురు పక్క నుంచి పడితే జరీ ఎలా తేలుతుందో కిటికీ దగ్గర చూపించాను. మర్నాడు ఆమె, అంచున గొల్లభామల బొమ్మలు నేసే మా సిద్దిపేట గొల్లభామ చీర ఫోటో ఒకటి తెచ్చింది. నేను ఇన్నేళ్లూ చీరను దుకాణంలోని నిలువెత్తు బొమ్మకు చుట్టి నిటారుగా తీసేవాణ్ణి. ఆమె కొంగును ఒళ్లో పరుచుకుని, అంచు మీద చేయి ఆనించి తీసింది. చల్లకుండ ఎత్తుకున్న భామలు వేళ్ల పక్క నుంచి నడిచి వెళ్తున్నట్టున్నారు. ఫోటో బాగుంది. అంత బాగుండటం నాకు నచ్చలేదు.

"చెయ్యి ఎందుకు పడ్డది? కట్ చెయ్యి. ఉంచాల్నంటే జర తెల్లగ చెయ్యి" అన్నాను. మా స్టూడియోల్లో ఎడిటింగ్ అంటే మొదటి పాఠం అదే. పెళ్లికూతురైనా, పింఛను కాగితం మీది ముసలమ్మైనా రెండు వన్నెలు తెల్లబడకుండా మా చేతుల్లోంచి బయటికి పోరు. మంజులది నల్లటి చేయి. అక్కడే కూర్చుని చేయి కట్ చేసింది.

నెల తిరగకముందే ఆమె మామ ఫోన్ చేసి, ఇక తమ కోడలే తీస్తుందని, నాకు శ్రమ తప్పిందని చెప్పాడు. కడుపు మండిపోయింది. నా దగ్గర నేర్చుకుని నా పనికే ఎసరు పెట్టిందని ఇంట్లో రెండు రోజులు నస పెట్టాను. వాళ్ల వాట్సాప్‌లో ఫోటో పడగానే జూమ్ చేసి తప్పులు వెతికేవాణ్ణి. ఆమె క్లాసుకు వస్తూనే ఉంది. నేను మాత్రం ఒక పాఠం దాటేశాను: వైట్ బ్యాలెన్స్. ఏ వెలుతురులో తెలుపు ఎలా ఉండాలో ఫోన్ తనే అంచనా వేసుకుంటుంది. అంచనా తప్పితే రంగులన్నీ తప్పుతాయి. దాన్ని మన చేతిలోకి తీసుకుని లాక్ చేయాలి. అది చెప్పలేదు. మరిచిపోయి కాదు.

అనుకున్నదే జరిగింది. రాయపోల్ నుంచి ఒకామె, కూతురి నిశ్చితార్థానికని ఫోటో చూసి నీలం చీర తెప్పించుకుంది. ముందే నీలం జాకెట్టు కుట్టించి పెట్టుకుంటే, వచ్చింది వంకాయ రంగు చీర. దుకాణంలో నలుగురి ముందు దులిపేసింది. ఇంకొక్కసారి ఇట్లయితే ఫోటోల పని మళ్లీ నాకే ఇచ్చేస్తానని మామ కోడలితో అన్నాడట. ఆ మాట నా చెవిన పడ్డ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మంజుల ఆ చీర పట్టుకుని స్టూడియోకు వచ్చింది.

"రంగు యాడ తప్పుతుందో జర సూడుండ్రి సార్."

ఒక్క చూపులో తెలిసిపోయింది. "ఫోన్లతోని గింతే బిడ్డా. కెమెరా అయితే గిట్ల కాదు" అన్నాను. ఆమె గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ఆమె మామ ఫోన్ కోసం నాలుగు రోజులు ఎదురుచూశాను. ఫోన్ రాలేదు, కొత్త ఫోటోలు వచ్చాయి. వంకాయ రంగు వంకాయ రంగులాగే ఉంది. ప్రతి చీర అంచు మీదా ఆమె చేయి ఉంది. ఉన్న రంగులో ఉంది. ఉండబట్టలేక దుకాణానికి వెళ్లి, ఎలా తీశావని అడిగాను.

ఆమె ఫోన్ పక్కన తన చేయి పెట్టి చూపించింది. "తెర మీద చెయ్యి నా చెయ్యి లెక్క కనవడేదాక సవరిస్త సార్. చెయ్యి సరిగుంటే చీర సరిగున్నట్టే."

పాతికేళ్లు చేతులను తెల్లబరిచిన నాకు ఆ కొలత ఎలా తడుతుంది? ఉన్న ఒక్క సాక్షినీ ముందే మార్చేసేవాణ్ణి. సిగ్గేసింది. వైట్ బ్యాలెన్స్ అనేది ఒకటుందని, కావాలనే చెప్పలేదని ఒప్పుకున్నాను.

"ఎర్కనే సార్. ఆనాడు మీ మొఖం సూస్తెనే తెల్సింది, తప్పేందో మీకు ఎర్కని. చెప్తరేమో అని జరసేపు నిలవడ్డ. ఇంటికి పోయి నేనే ఎతుక్కున్న, ఆ వైట్ బ్యాలెన్స్ దొరికింది." చీర మడతపెడుతూ అంది, "గని చెయ్యి తీసెయ్య బుద్ధి కాలే."

ఇప్పుడు నా క్లాసులో మొదటి పాఠం వైట్ బ్యాలెన్స్. ఒళ్లు తెల్లబరిచే పాఠం తీసేశాను. అసూయ పోయిందా అంటే, పోలేదు. ఆమె ఫోటోలను ఇప్పటికీ జూమ్ చేస్తాను, తప్పు దొరక్కపోతుందా అని. ముందు చేయి దగ్గరికే వెళ్తాను. అది దాని రంగులోనే ఉంటుంది.