కొసరు చుట్టు

ఆ రోజుల్లో, అంటే తిరుపతిలో సెల్‌ఫోన్ పట్టుకున్న మనిషిని జనం ఆగి చూసే కాలంలో, అంగడి ఎవరిదో తెలుసుకోవాలంటే బోర్డు చదవనక్కర్లేదు. పొద్దున్నే షట్టర్ ఎవరు ఎత్తుతున్నారో చూస్తే చాలు. గల్లాపెట్టె దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు, బేరం ఎవరైనా ఆడవచ్చు, దుమ్ము ఎవరైనా దులపవచ్చు (అది ఎప్పుడూ నేనే దులిపేదాన్ని). షట్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, వంగి దేవుణ్ని తలుచుకుని పైకెత్తే హక్కు మాత్రం యజమానిది. ఆ యజమాని మగవాడే అయివుండాలని ఏ శాస్త్రంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. మా చిన్నాయనకు తెలుసు. ఆయనకు తెలియని శాస్త్రం లేదు. చదివింది మాత్రం పంచాంగం ఒక్కటే, అదీ రాహుకాలం ఉన్న పేజీ వరకే.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. వడమాలపేటలో సేద్యం మా నాయనకు వదిలేసి, తిరుపతికి వచ్చి, కొండకు పోయే జనం నడిచే వీధిలో ఇత్తడి, స్టీలు సామాన్ల అంగడి పెట్టాడు. నా డిగ్రీ అయిపోయాక, సంబంధం కుదిరేదాకా ఊళ్ళో ఊరికే ఎందుకని నాయన నన్ను ఆయన ఇంట్లో దించిపోయాడు. ఇంట్లో ఊరికే ఎందుకని చిన్నాయన నన్ను అంగట్లో కూర్చోబెట్టాడు. అలా ఊరికే ఉండకూడని మనిషిగా మొదలై, ఒక ఏడాది తిరిగేసరికి ఆ అంగడిని చిన్నాయన కంటే బాగా నడపగలనని నాకు నమ్మకం వచ్చింది. గొప్ప చెప్పుకోవడం కాదు, ఆయన కంటే బాగా నడపడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కుందులు ఏ మూల ఉన్నాయో, తమిళం వాళ్ళు ఏ అంచు చెంబు అడుగుతారో ఆయనకు తెలియదు. కొనేవాళ్ళు వస్తే కోడికునుకులోంచి లేచి, పాపా చూడు అనేవాడు. నేను చూసేదాన్ని. అందుకని ఒకరోజు ధైర్యం చేసి, అంగడి మొత్తం నాకు అప్పజెప్పమని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. జాలిగా నవ్వాడు.

"అంగడి సూసుకుంటావు సరే పాపా. పొద్దున్నే షట్టర్ ఎవురు ఎత్తేది?"

ఆ ప్రశ్న సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే నేను దాన్ని అప్పటికే దొంగచాటుగా ఎత్తి చూశాను. మోకాలి ఎత్తుకు లేచి, మళ్ళీ నేల మీద కూర్చుంది. నిజానికి చిన్నాయన ఎత్తడం కూడా చూడదగ్గ సంబరమే. కండువా నడుముకు బిగించి, చేతులు రుద్దుకుని, గోవిందా అని వీధి చివరిదాకా వినపడేలా కేకేసి ఎత్తేవాడు. నడుము దాకా వచ్చాక ఒక గోవిందా, భుజం దాకా వచ్చాక ఇంకో గోవిందా. పైకి పోయాక కూడా అది నిలవదు కాబట్టి కింద ఒక సరుగుడు కట్టె ఆనించేవాడు. తర్వాత చెమట తుడుచుకుని చుట్టూ చూసేవాడు, ఎవరైనా చూశారా లేదా అని.

మా పక్కనే మందుల అంగడి. అదే మేస్త్రీ, అదే ఏడాది బిగించిన, అంతే వెడల్పు షట్టర్. ఆ అంగడి పెద్దాయనకు ఆయాసం, ఊదితే పడిపోయే మనిషి. ఆయన ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని ఇంకో చేత్తో షట్టర్ లేపేవాడు. కాఫీ తొణికేది కాదు. ఇదెలాగని అడిగితే, పైన పైపులో స్ప్రింగులు ఉంటాయమ్మా, షట్టర్ దించినప్పుడు అవి బిగుసుకుంటాయి, ఎత్తేటప్పుడు బరువంతా అవే మోస్తాయి, మనది చేయి ఆనించడమే, ఏడాదికొకసారి గ్రీజు పెట్టించాలి, సత్తువ పోతే మార్పించాలి అని చెప్పాడు. ఈ కబురు చిన్నాయనకు చేరవేస్తే, ఆయనది అల్యూమినియం షట్టరని ఒక అబద్ధం పారేశాడు. మా షట్టర్ స్ప్రింగులు ఎప్పుడో చచ్చాయి. చంపింది చిన్నాయనే. గ్రీజంటే కొవ్వు కదా, దేవుడి సామాన్లు అమ్మే అంగడికి కొవ్వు పూస్తామా అని, దీపాల్లో మిగిలిన నూనె పోయించేవాడు. ఆ నూనెకు వీధి దుమ్మంతా వచ్చి అతుక్కుని, షట్టర్ జారే రెండు పక్కల గాళ్ళలో నల్లటి హల్వా తయారైంది. చీమలకు మాత్రం మా అంగడి మీద భక్తి కుదిరింది.

ఇంత కష్టపడి బరువెక్కించుకున్న షట్టర్‌ను ఆయన ఎందుకు బాగుచేయిస్తాడు? అది తేలికైతే ఆయన చేసే పని అంటూ ఆ అంగట్లో ఇంకేమీ మిగలదు. ఇది నాకు అప్పుడే అర్థమైంది, మనసులో కసి కూడా పుట్టింది.

పైగా దానికి వారసుణ్ని కూడా వెతికాడు. మా చిన్నమ్మ తమ్ముడు ఒకడుండేవాడు, నేను కండల మామ అనేదాన్ని. పుత్తూరు నుంచి వచ్చి అక్క ఇంట్లో తిని, పొద్దునా సాయంత్రం ఇనుము ఎత్తి దించడమే చదువుగా పెట్టుకున్నవాడు. చిన్నాయనకు నడుం నొప్పి మొదలవగానే, షట్టర్ ఎత్తడానికి ఇతన్ని రమ్మన్నాడు. కండల మామ బిగుతు చొక్కా వేసుకుని వచ్చేవాడు, షట్టర్ ఎత్తేవాడు, ఆ శ్రమకు విశ్రాంతిగా మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. గిన్నెకూ గంగాళానికీ తేడా తెలియదు. అయినా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అంగడి చూసుకోను మగపిల్లోడు దొరికాడు, ఇంక ఆడపిల్లను ఊరికి పంపేస్తే నాలుగు సంబంధాలైనా వస్తాయని. మా నాయనకు కబురు కూడా వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది. నెల తిరక్కుండా వడమాలపేటలో గడప మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చి, 'పిల్లకు కొంచెం ఒళ్ళు ఎక్కువ' అని మళ్ళీ అనిపించుకుంటూ ఉండాలి. ఇదంతా ఎందుకు? ఒక ఇనుప రేకు నా చేతికి లేవనందుకు.

నన్ను కాపాడింది నా తెలివి కాదు, కండల మామ నడుం. ఒక ఆదివారం పొద్దున రద్దీ చూసి రెచ్చిపోయి, షట్టర్‌ను ఒకే ఊపులో లేపబోయాడు. సగంలో పైనుంచి ఠంగుమని చప్పుడు వినిపించింది, కొనఊపిరితో మిగిలిన ఒక్క స్ప్రింగు కూడా విరిగింది. షట్టర్ కిందికీ, కండల మామ కేక పైకీ పోయాయి. నడుం పట్టేసిన మనిషిని వంగిన భంగిమలోనే ఆటో ఎక్కించి ఇంటికి తీసుకుపోయాం. నేను ఏడాదిగా మొత్తుకున్నా వినని చిన్నాయనకు, తమ్ముడు బోర్లా పడుకోవడం చూసిన చిన్నమ్మ ఒక్క మాట చెప్పింది. స్ప్రింగులు మారుస్తావా, నీ అన్నం నువ్వే వండుకుంటావా అని. మర్నాడే షట్టర్ మేస్త్రీ వచ్చాడు.

ఆ మేస్త్రీ కూడా తక్కువవాడు కాదు. తిరుపతిలో సగం షట్టర్లు తన చేతి మీదే లేస్తున్నాయని నిచ్చెన ఎక్కకముందే చెప్పాడు. చుట్టుకున్న షట్టర్‌ను తాడుతో కట్టి, పైపు దించి, లోపల ఆ తుప్పు ముక్కలు చూసి, ఇవి స్ప్రింగులా, వడియాలా అని నవ్వాడు. గాళ్ళలోని హల్వా గీకేశాడు. గ్రీజు డబ్బా తీయగానే చిన్నాయన మొహం తిప్పుకున్నాడు, కానీ మా చిన్నమ్మ ఎదురుగా ఉంది కాబట్టి శాస్త్రం ఎత్తలేదు. కొత్త స్ప్రింగులు వేసి, పైపును పైన ఎక్కించి, ఒక్కో చుట్టు తిప్పుతూ బిగించి, చాలు సామీ, ఇంక పసిబిడ్డయినా ఎత్తుతాడని మేస్త్రీ దిగబోయాడు.

అక్కడే మా చిన్నాయన బుద్ధి అడ్డం తిరిగింది. ఆయన జన్మలో ఏదీ కొసరు లేకుండా కొన్నవాడు కాదు. వంకాయలు కొంటే కరివేపాకు కొసరు, పాలకు చారెడు కొసరు, గుడ్డ కొంటే బెత్తెడు కొసరు. తాను అమ్మేటప్పుడు మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలేవాడు కాదు. అలాంటి మనిషి, అంత బేరమాడి పెట్టించిన స్ప్రింగులను కొసరు లేకుండా ఎలా వదులుతాడు?

"ఏమబ్బా, లెక్కకు సరిగ్గా సుట్టేసి దిగేస్తే ఎట్ల? రేపు లూజైతే నిన్ను యాడ ఎతికేది? ఇంకొక సుట్టు కొసరు ఎయ్యి."

మేస్త్రీ ఒక నిమిషం బుర్ర గోక్కున్నాడు. అడిగినవాడు సామాన్లంగడి సామి, కాదంటే టిఫిన్ ఆలస్యమవుతుంది. మీరు అడిగినాక కాదంటానా అని ఒకటి తిప్పాడు. చిన్నాయన కదలకుండా నిలబడి చూస్తే ఇంకొకటి తిప్పాడు. తర్వాత షట్టర్‌ను బలవంతాన కిందికి లాగి, తాళాలు బిగించి, మారు చూడకుండా వెళ్ళిపోయాడు. మేస్త్రీ దగ్గర కూడా కొసరు లాగానని చిన్నాయన ఆ పూట అంతా మురిసిపోయాడు.

శుక్రవారం పొద్దున మంచి ఘడియ చూసి మళ్ళీ తెరిచే కార్యక్రమం పెట్టాడు. చిన్నమ్మ హారతి పళ్ళెంతో వచ్చింది. కండల మామ నడుముకు బెల్టు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మందుల అంగడి పెద్దాయన కాఫీ గ్లాసుతో మెట్ల మీద నిలబడ్డాడు. చిన్నాయన కొత్త పంచె కట్టుకుని, నిమ్మకాయ కోసి, రెండు పక్కలా తాళాలు తీసి, చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నాకెందుకో భయమేసింది. ఇప్పుడది తేలికై ఉంటుంది చిన్నాయనా, మెల్లగా ఎత్తు అన్నాను.

"పదైదేండ్లుగా ఎత్తతా ఉండా. నువ్వు నేర్పిస్తావా నాకు?"

వంగాడు. వంగినప్పుడు పంచె కుచ్చెళ్ళు షట్టర్ అడుగున ఉన్న గడియ కొక్కేనికి తగులుకున్నాయి. అది ఆయన చూడలేదు, మేమూ చూడలేదు. ఊపిరి బిగపట్టి, చచ్చిన స్ప్రింగుల మీద ఇన్నాళ్ళూ వాడిన సత్తువనంతా కూడదీసి, గోవిందా అన్నాడు. రెండో గోవిందాకు అవసరమే రాలేదు. షట్టర్ ధడేల్మని పైకి పోయింది, దాంతో పాటే కొత్త పంచె కూడా పోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో పోతున్న గుండ్ల యాత్రికుల గుంపు ఒకటి, పిలుపు విన్నారు కాబట్టి, గోవింద గోవిందా అని ఒక్క గొంతుతో బదులిచ్చారు. మా చిన్నాయన నీలం చారల డ్రాయరుతో, చేతులు ఇంకా పైకెత్తి పెట్టుకునే, వాళ్ళ ఎదుట నిలబడి ఉన్నాడు.

ఒక క్షణం తర్వాత ఆయనకు కాళ్ళు వచ్చాయి. లోపలికి దూకి గంగాళాల వెనక దాక్కున్నాడు. అంగడి ముందు జనం చేరారు. చిన్నమ్మ హారతి పళ్ళెం కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. పంచె పైన షట్టర్ చుట్టుకునే గూట్లో వేలాడుతోంది. దాన్ని దించాలంటే షట్టర్ దించాలి. కండల మామకు చేయి పైకి లేవదు. పెద్దాయనకు ఆయాసం, అందులోనూ నవ్వుతో వచ్చిన ఆయాసం. కొక్కెం ఉన్న కడ్డీ తీసుకుని నేనే తగిలించి లాగాను. కొసరు చుట్లు దాన్ని ఒక పట్టాన రానివ్వలేదు. చివరికి కడ్డీ పట్టుకుని వేలాడాను. సంబంధాలవాళ్ళు వంక పెట్టి వెళ్ళిపోయిన నా ఒళ్ళు ఆరోజు పనికొచ్చింది, షట్టర్ నడుము దాకా దిగింది. పంచె విడిపించి లోపలికి విసిరి, జనం చూడకుండా షట్టర్‌ను నేలదాకా లాగి, కాలితో తొక్కిపట్టి గడియ పెట్టేశాను.

లోపల చీకట్లో గిన్నెలు దొర్లిన చప్పుడు. పంచె కట్టుకోవడం అయిపోయి ఉంటుంది, లోపలి నుంచి రేకు మీద తడితే నేను గడియ తీస్తాను. కానీ తట్టలేదు. వీధంతా ఎదురుచూస్తోంది. చివరికి రేకు వెనక నుంచి చిన్నాయన గొంతు వినిపించింది, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినని చిన్న గొంతు.

"పాపా... ఉండావా ఆడ? నేను దీన్ని ముట్టను. నువ్వే ఎత్తు తల్లీ."

గడియ తీసి, ఒక చేయి పైన ఆనించి, ఇంకో చేత్తో అది ఎగిరిపోకుండా పట్టుకుని, మెల్లగా పైకి పంపాను. గోవిందా అనలేదు. లోపల చిన్నాయన రెండు చేతులతో పంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా మొహం చూడలేదు. నాకు మాత్రం గుండె నిండిపోయింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గుండ్లవాళ్ళలో ఒకాయన లోపలికొచ్చి దీపపు కుంది అడిగాడు, నేను తమిళంలో బేరం మొదలుపెట్టాను.

ఎవరూ ఏమీ ప్రకటించలేదు. మర్నాడు తాళాలగుత్తి నా కంచం పక్కన ఉంది, అంతే. తన జాతకానికి ఇనుము పడదని ఎవరో సిద్ధాంతి చెప్పాడని చిన్నాయన వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. కండల మామ నడుం బాగై పుత్తూరికి పోయాడు. నేను వడమాలపేటకు పోలేదు. లోకాన్ని గెలిచినట్టు తలెత్తుకుని, తెల్లారకముందే లేచి, చలిలో వానలో ఆ షట్టర్ ఎత్తడానికి ఏళ్ళ తరబడి పరుగెత్తాను. చిన్నాయన తొమ్మిదింటికి లేచి, కాఫీ తాగి, పేపరు చదివి, పదింటికి వచ్చి గల్లా దగ్గర కూర్చునేవాడు. ఈ బేరంలో లాభపడింది ఎవరో నాకు పెళ్ళై, చిత్తూరులో సొంత అంగడి పెట్టుకునేదాకా తట్టనే లేదు. అంత కొట్లాడి నేను సంపాదించుకున్నది ఆయన నిద్రకు కాపలా.

తట్టినా ఎందుకో కోపం రాలేదు. షట్టర్ పైకి పోయి, లేత ఎండ నా భుజం మీదుగా దాటి లోపలి ఇత్తడి మీద ఒక్కసారిగా పడేది. వీధిలో ఇంకా ఎవరూ ఉండేవారు కారు. ఆ మెరుపు నాకొక్కదానికే అనిపించేది. అలాంటి పొద్దు మళ్ళీ దొరికితే ఎంత బాగుండుననిపిస్తుంది, కానీ లేచే ఓపిక లేదు. మా అంగడికి ఇప్పుడు మోటారు షట్టర్, మీట నొక్కి తెరిచేది మా దగ్గర పనిచేసే అమ్మాయి. నేను కాఫీ తాగి, పేపరు చదివి, పదింటికి వెళ్తాను.