ఇత్తడి రేకు మీద పసుపు

నేను ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం బాతులు. మా నాన్నకు బాతుల మంద ఉండేది. బడి గంట కొట్టే వేళకే అవి కోసిన చేలల్లోకి దిగేవి, వాటి వెనక నేను దిగేదాన్ని. పెళ్ళయ్యాక పిల్లలు, గేదెలు. అరవయ్యో ఏట, టీచరుగా చేసే మా కోడలు నన్ను పలక ముందు కూర్చోబెట్టింది. తెలుగు పట్టుబడ్డాక ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడా దిద్దించింది. అవి నాకెందుకో అప్పుడు అర్థం కాలేదు.

మాకో పాత మిలటరీ లారీ ఉంది. యుద్ధం అయిపోయాక సైన్యం వేలం వేస్తే మా మామగారు కొన్నారట. దాని మీద కొబ్బరికాయలు, ధాన్యం, ఒకటి రెండుసార్లు పెళ్ళివారిని కూడా తోలారు. ఆయన పోయాక అది షెడ్డులోంచి కదలలేదు. మా ఆయన మెకానిక్కు. ఊళ్ళో అందరి బండ్లూ బాగుచేసి, సొంత లారీని మాత్రం రేపు రేపు అంటూ వచ్చారు.

షెడ్డు మా మరిది వాటా. నిరుడు దాన్ని పడగొట్టి ఇల్లు కట్టుకుంటానన్నాడు. "అన్నయ్యా, నెలాఖరుకి అది తనంతట తను నడిచి బయటికొస్తే నీది. లేకపోతే పాత ఇనుము కొనేవాడిది" అన్నాడు. ఆ పూట మా ఆయన కంచం ముందు నుంచి సగంలో లేచిపోయారు.

పది రోజుల్లో ఇంజను పలికింది. బ్రేకులే పట్టలేదు. రాజమండ్రి నుంచి పాత సామాను కొట్టాయన పంపిన బ్రేకు సిలిండర్లు మూడుసార్లూ సరిపోలేదు. "ఏ దేశం బండో తెలియకుండా నన్నేం పంపమంటారండీ? ఎక్కడో కంపెనీ పేరు చెక్కిన రేకుంటుంది, వెతకండి" అని విసుక్కున్నాడు. మా ఆయన అమెరికా అంటారు, మరిది ఇంగ్లండంటాడు. ఇద్దరూ రెండు రోజులు బండి కింద పడుకుని వెతికారు.

స్టీరింగు పక్కన అరచేతంత ఇత్తడి రేకు ఒకటుంది. అది కంపెనీవాళ్ళు పూజ కోసం బిగించిందని మా అత్తగారి నమ్మకం. ప్రతి దసరాకీ పసుపు రాసి బొట్టు పెట్టేవారు. ఆవిడ తరువాత నేనూ పెట్టాను. బండికి రంగు వేసినప్పుడల్లా దాని మీదా వేశారు, ఆ రంగు మీద మళ్ళీ పసుపు. చివరికది గారెలా ఉబ్బింది.

"అదేనేమో చూద్దామండీ" అన్నాను.

"అది రేకేంటే, అమ్మవారు. మా అమ్మ పెట్టిన బొట్టు గీకేస్తావా?"

"అత్తగారుంటే ఇత్తడిని ఇలా వదిలేసినందుకు నన్నే తిట్టేవారు."

ఆయన మొహం పక్కకు తిప్పుకుని థిన్నరు డబ్బా అందించారు. రంగు ఊడాక చింతపండు, ఉప్పు వేసి తోమాను. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. మరిది కొట్టాయనకి ఫోను కలిపి నా చేతికిచ్చాడు. నేను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను.

"కాస్త తొందరగా చెప్పండమ్మా" అన్నాడాయన.

"తొందరగా కావాలంటే నా చిన్నప్పుడు అడగాల్సిందండీ."

సి, ఏ, ఎన్, ఏ, డి, ఏ దాకా వచ్చేసరికి అవతల నవ్వు వినిపించింది. "ఇది కెనడా బండండీ. ఆ నంబరు కూడా చెప్పేయండి."

"వదినా, మళ్ళీ చదువు" అన్నాడు మరిది.

"ఎన్నిసార్లు చదివినా కెనడాయే."

అన్నదమ్ములిద్దరూ ఆ సాయంత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాలుగో రోజున వచ్చిన సిలిండర్లు చక్కగా కూర్చున్నాయి. సరిగ్గా నెలాఖరు రోజున లారీ షెడ్డులోంచి దానంతట అదే బయటికి వచ్చి, మా వాకిట్లో తులసికోటకు జానెడు దూరంలో ఆగింది.

"అన్నయ్యా, ఇంకోసారి ఆపు" అన్నాడు మరిది. ఆయన వెనక్కి తీసి మళ్ళీ ఆపారు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే వాకిట్లో ఎండ మొత్తం లారీదే. మినప్పప్పు అప్పటికే రుబ్బేశాను. బానెట్టు మీద తెల్ల పంచె పరిచి, స్టూలెక్కి వడియాలు పెట్టాను. మా ఆయన టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఊరు చుట్టి వద్దామనుకున్నానే" అన్నారు.

"ఎండేదాకా ఆగండి" అన్నాను.