మేడమ్, గేటు బయటికి

ఆ శనివారం పొద్దున కారెక్కుతుంటే అల్ఫారెట్టా నుంచి రాధారాణి ఫోన్ చేసింది. తెనాలిలో ఇద్దరం ఒకే బళ్లో పనిచేశాం. నేను హెడ్‌మిస్ట్రెస్‌ని, తను లెక్కల టీచరు. ఇప్పుడు అమెరికాలో తను కూతురింట్లో, నేను న్యూజెర్సీలో కొడుకింట్లో ఆర్నెల్ల చుట్టపుచూపుకి వచ్చాం.

"ఎక్కడికే దమయంతీ, పొద్దున్నే?"

"ఏదో పల్లెటూరుట. చూసొద్దామని."

"కోడలు కూడా వస్తోందా?"

"ఆఁ, వస్తోంది" అని పెట్టేశాను.

నిజానికి కోడలి కోసమే వెళ్తున్నాం. ఆ మాట రాధారాణికి ఎలా చెప్పను? వాళ్లమ్మాయి వారాంతాల్లో పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది. మా సుధేమో నిక్కరేసుకుని, ఈల పట్టుకుని, మగవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రిఫరీగా పరిగెడుతుంది. అందుకని వచ్చినప్పటి నుంచీ ఆ సంగతి దాటేస్తూ వస్తున్నాను.

సుధది వరంగల్. మందుల కంపెనీలో ఉద్యోగం. ఓసారి నా మనవరాలు వేద ఆడాల్సిన మ్యాచ్‌కి రిఫరీ రాలేదని పిల్లలందర్నీ ఇంటికి పంపేశారట. వాళ్ల ఏడుపు మొహాలు చూసి సుధ వెళ్లి రిఫరీ క్లాసులో చేరిపోయింది. నలభై దాటిన మనిషి! చలికాలమంతా ఇంటిముందు మంచు తోసుకుని మరీ పరుగు ప్రాక్టీసు చేసిందని మా అబ్బాయి రవికాంత్ చెప్పాడు. నేనొచ్చాక నా కళ్లతోనే చూశాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఫ్రిజ్ ముందు నిలబడి చేతులు పైకెత్తి, పక్కకి చాచి ఒకటే సైగలు. పోపులపెట్టె పక్కనే పసుపు కార్డు, ఎర్ర కార్డు ఉంటాయి. ఇల్లన్నాక ఇలాంటివి కూడా చూడాలి కాబోలు అనుకున్నాను.

ఆ రోజు మ్యాచ్‌కి ఒక పరిశీలకుడు వస్తాడు. సుధ పని చూసి అతను సరేనంటే పై మెట్టు బ్యాడ్జీ వస్తుంది, పెద్ద లీగుల్లో పిలుస్తారు. కాదంటే మళ్లీ ఏడాది ఆగాలి. దార్లో సుధ నేను చేసిన పులిహోర ముట్టలేదు.

"మ్యాచ్ అయినంక తింట అత్తమ్మా" అంది. మళ్లీ, "ఒక్క మాట. గ్రౌండు లోపలున్నంతసేపు నేను మీ కోడల్ని కాదు, రిఫరీని. మీరు నాతోటి మాట్లాడొద్దు" అంది.

"నాకేం పనమ్మా!" అన్నాను.

ఊరి పేరు గ్లాన్‌వెన్. పెన్సిల్వేనియా కొండల్లో ఉంది. పలకరాయి గనుల్లో పనికని ఎప్పుడో వేల్స్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరట. గనులు మూతపడ్డాయి, ఫుట్‌బాల్ పిచ్చి మిగిలింది. గ్రౌండు చుట్టూ గుండెలెత్తు గోడ, అంతా పలకరాళ్లు పేర్చి కట్టిందే. చెయ్యి పెట్టి చూస్తే మా ఒకటో తరగతి పిల్లలు అ ఆలు దిద్దిన పలక గుర్తొచ్చింది. స్కోరు కూడా పెద్ద పలక మీద సుద్దముక్కతోనే రాస్తున్నారు. ఆ ఊళ్లో నాకు ముందుగా నచ్చింది అదే.

ఊరి టీముకీ, బయటి టీముకీ ఆట మొదలైంది. అంతమంది మగవాళ్ల మధ్య ఐదడుగుల సుధ. చూసేవాళ్ల కోసం గీత పక్కన కట్టిన తాడు ఇవతల, మా పక్కనే ఎర్ర మఫ్లరు చుట్టుకున్న ముసలాయన ఒకడు సుధ మీద అరుస్తూనే ఉన్నాడు. "గో హోమ్" అన్నది మాత్రం నాకు బాగా తెలిసింది.

"ఏమంటున్నాడ్రా?"

"ఏం లేదమ్మా, ఆటలో మామూలే" అన్నాడు రవికాంత్.

అరుపులు తిట్ల దాకా వెళ్లేసరికి సుధ ఆట ఆపేసింది. ఊరి టీము పెద్దని పిలిచి, ఆ ముసలాయన్ని గేటు బయటికి పంపమంది. ఆయన గేటు దాటేదాకా బంతి కదల్లేదు. "శభాష్! బాగా అయింది" అని చప్పట్లు కొట్టాను.

ఆట చివరికొచ్చేసరికి పలక మీద ఒకటి ఒకటి. అప్పుడు ఊరి ఆటగాడు తమ గోలు ముందు అవతలివాణ్ణి కాలడ్డుపెట్టి పడేశాడు. సుధ ఈల ఊది పెనాల్టీ ఇచ్చింది. అంతే, తాటిచెట్లలాంటి మనుషులు ఐదారుగురు చుట్టూ మూగి, మొహం మీదకొచ్చి అరవడం మొదలెట్టారు. వాళ్ల మధ్య సుధ నాకు కనిపించలేదు.

ఇక నాకు ఒళ్లు తెలియలేదు. గ్రౌండులో గొడవైతే నడిచి మధ్యలోకి వెళ్లడం తప్ప నాకింకో పద్ధతి రాదు. తాడు కింద నుంచి దూరి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మడిచిన గొడుగుతో నేరుగా వెళ్లాను. "అమ్మా, వద్దు!" అని వెనకనుంచి రవికాంత్ కేకలు.

"వాట్ ఈజ్ దిస్? గో బ్యాక్ టు యువర్ ప్లేసెస్! స్టాండ్ ఇన్ ఎ లైన్!"

అందరూ వెనక్కి తగ్గారు. ఒకడు చేతులు కూడా కట్టుకున్నాడు. గ్రౌండంతా ఘొల్లుమంది.

"నేనున్నాలేమ్మా" అన్నాను సుధతో.

"మేడమ్, యూ హావ్ టు లీవ్. ఔట్‌సైడ్ ద గేట్" అంది సుధ.

"సుధా, నేనే!"

"మీరు వెళ్లేదాకా ఆట మొదలవదు" అంది మళ్లీ ఇంగ్లీషులోనే, ముసలాయనతో మాట్లాడిన గొంతుతోనే.

ఒళ్లు మండిపోయింది. మేడమ్ అట! బదులు చెప్పబోతూ తన భుజం మీంచి అవతలికి చూశాను. కాగితాలు పట్టుకుని పరిశీలకుడు కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఇంకొక్క మాటంటే బ్యాడ్జీ నా చేతులారా పోగొట్టినదాన్నవుతానని అప్పటికి తట్టింది. గొడుగు చంకన పెట్టుకుని గేటు వైపు నడిచాను. అంత దూరం నడక నా జన్మలో నడవలేదు.

బయట గోడకానుకుని మఫ్లరాయన ఉన్నాడు. పేరు గ్రిఫిత్ అట. నన్ను చూసి నవ్వి, అక్కడ నేల పల్లం కాబట్టి గోడ మీంచి నాకూ కనపడాలని తన కూలర్ పెట్టె బోర్లించి ఎక్కమన్నాడు.

"నిన్నూ పంపేసిందా? ఎవరు నువ్వు?" అనడిగాడు ఇంగ్లీషులో.

"ఆ రిఫరీ నా కోడలు."

"నీ సొంత కోడలా?"

"నా సొంత కోడలే" అన్నాను.

గ్రిఫిత్ గోడ మీదకి వంగి, లోపలున్న తనవాళ్లకి వినపడేలా అరిచాడు. "ఒరే, ఆవిడ పంపేసింది సొంత అత్తగార్నిరా!"

ఆ మాట గోడ పొడుగునా పాకింది. ఊరి కెప్టెనే తనవాళ్లని వెనక్కి లాగాడు. పెనాల్టీ గోలైంది, ఊరి టీము ఓడిపోయింది. ఆఖరి ఈల దాకా సుధని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ ఈల ఊదగానే ముందు చప్పట్లు కొట్టింది గ్రిఫిత్. నాకు గర్వంతో కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

పరిశీలకుడితో మాట్లాడాక సుధ బయటికొచ్చింది.

"పాసైన అత్తమ్మా. కానీ పెనాల్టీ దగ్గర ప్లేయర్స్‌ని లేట్‌గా దూరం పెట్టిన్నంట."

"దూరం పెట్టింది నేనేగా" అన్నాను.

నవ్వింది. మళ్లీ భయంగా, "కోపమొచ్చిందా?" అంది.

"ముందు పులిహోర తిను."

తింది. గ్రిఫిత్ కూడా తిని, కారానికి మఫ్లరుతో కళ్లు తుడుచుకున్నాడు.

కారెక్కగానే రాధారాణికి నేనే వీడియో కాల్ చేశాను.

"ఏమే, పల్లెటూరు చూశావా?"

"చూశానే, గోడ బయట నిలబడి. మా సుధ ఫుట్‌బాల్ రిఫరీ. అడ్డమొచ్చానని నన్ను గ్రౌండులోంచి పంపేసింది."

"అత్తగార్నా? అందరి ముందూ?"

"అందరి ముందూనే" అని ఫోను సుధ వైపు తిప్పాను. "ఇదుగో, చూడు. ఇంకా ఆ నిక్కరు కూడా మార్చుకోలేదు."